గడియ లేని తలుపు

మోడల్ విల్లా పై అంతస్తులో పిల్లల గది తలుపుకు లోపలి వైపు గడియ లేదు. కొనేవాళ్లకు చూపించడానికే తప్ప ఎవరూ కాపురం ఉండని ఇంటికి గడియతో పనేమిటని కట్టినవాళ్లు అనుకుని ఉంటారు. అందుకే వనిత తలుపును దగ్గరగా వేసి, తన చేతిసంచిని దానికి ఆనించి, కిటికీ కింద చాప పరుచుకుని గోడకు వీపు ఆన్చి కూర్చుంది. తలుపు అవతల, పై మెట్టు మీద సుక్కమ్మ ఉంది. ఆమె చీపురు మొదలును నేలకు తాటిస్తూ పుల్లలు సరిచేసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. ఆ చప్పుడు వినపడుతున్నంతసేపూ వనితకు భయం లేదు.

నీలం కుర్తాకు ముందు వైపు జిప్పు కుట్టించుకుంది తను. దాన్ని కిందికి లాగి, గరాటులాంటి పంపు మూతిని రొమ్ముకు ఆన్చి, పిడిని నొక్కుతూ వదులుతూ ఉంది. చేత్తో నొక్కే పంపు అది. మోటారుది తెస్తానన్నాడు భర్త జగదీశ్. దాని చప్పుడుకు అందరికీ తెలిసిపోతుందని తనే వద్దంది. మొదట ఎంత నొక్కినా ఏమీ రాదు. అప్పుడు ఫోను ఒళ్లో పెట్టుకుని కూతురి వీడియో చూస్తుంది. హన్విక నిద్రలో మూతి ముడుచుకుని, గాల్లోనే ఏదో చప్పరిస్తుంది. ఆ చప్పరింత దగ్గరికి వచ్చేసరికి రొమ్ములో సన్నటి సూదులు గుచ్చినట్టయి, పాలు చేపుకొస్తాయి. ఇవాళ వీడియో మళ్లీ మళ్లీ తిప్పినా సీసా అడుగు మాత్రమే తడిసింది.

ఎదురుగా తెల్లటి ఉయ్యాల మంచం, అందులో బూడిదరంగు ఏనుగు బొమ్మ. చూడవచ్చినవాళ్ల పిల్లలు ఎత్తుకుపోకుండా దాన్ని పరుపుకు కుట్టేశారు. అలమరలో వరుసగా నిలబెట్టినవి పుస్తకాలు కావు, ఖాళీ అట్టపెట్టెలు. కిటికీ బయట సగం లేచిన ఇళ్ల ఇనుప చువ్వలు, వాటి వెనక పూలతోటల మీద తెల్లటి ప్లాస్టిక్ కప్పులు, ఇంకా వెనక చిల్కూరు పోయే దారి.

“ఎన్ని వచ్చినయి బిడ్డా?” తలుపు సందులోంచి సుక్కమ్మ గొంతు.

“సగం గూడ నిండలే అవ్వా.”

“నిండుతయి తియ్యి. సీసను చూడకు. సీసను చూస్తే రావు.”

వనిత సీసాకు మూత బిగించింది. పని అయ్యాక ఇద్దరూ కిందికి దిగారు. మోడల్ విల్లా వంటింట్లో నిలువెత్తు ఫ్రిజ్జు ఉంది. అది చూపించడానికే గాని వాడడానికి కాదు, ప్లగ్గు పెట్టరు. పొద్దున వనిత రాగానే సుక్కమ్మ ప్లగ్గు పెడుతుంది, సాయంత్రం వనిత వెళ్లేటప్పుడు తీసేస్తుంది. ఆ మెరిసే పెద్ద ఫ్రిజ్జులో వనిత సీసాలు తప్ప ఇంకేమీ ఉండవు. ఇంటి లోపలి కుళాయిల్లో నీళ్లు కూడా రావు. పంపు కడుక్కోవడానికి సుక్కమ్మే కూలీల పొయ్యి దగ్గర నీళ్లు కాగబెట్టించుకుని చెంబులో తెస్తుంది.

వనితది చేవెళ్ల దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక మొయినాబాద్‌లో ఈ వెంచర్ ఆఫీసులో చేరింది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి నీళ్లిచ్చి, పేర్లు, ఫోన్ నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించి, మేనేజర్ రాకేష్ దగ్గరికి పంపడం ఆమె పని. పెళ్లయి చేవెళ్లలో కిరాయి ఇంట్లోకి మారినా ఉద్యోగం మానలేదు. జగదీశ్ గండిపేటలో ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. కాన్పుకు వెళ్లేటప్పుడు ఆఫీసులో మూడు నెలలన్నారు. ఆరు నెలలు ఇవ్వాలని ఎవరో చెప్పారు గాని, అడిగితే ఆ కుర్చీలో ఇంకొకరు కనపడతారేమోనని ఆమె అడగలేదు.

తిరిగి చేరిన కొత్తలో బిడ్డకు డబ్బా పాలు పట్టి చూశారు. పడలేదు. విరేచనాలు పట్టుకుని బిడ్డ వేలాడిపోతే దవాఖానలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అంత చిన్న చేతికి సూది నిలవక కింద అట్టముక్క పెట్టి కట్టారు. కొన్నాళ్లు తల్లిపాలే పట్టమంది డాక్టరు. ఆ మాట అనడం ఆమెకు తేలికే. ఆఫీసు మొత్తం అద్దాలే. గోడలు అద్దాలు, తలుపులు అద్దాలు, రాకేష్ గది కూడా అద్దాలే. కనపడకుండా కూర్చునే చోటు ఒక్కటే, డ్రైవర్లూ వచ్చినవాళ్లూ అందరూ వాడే బాత్రూమ్. మొదట్లో వనిత అక్కడే నిలబడి, సలుపు ఆగక, పాలను చేత్తో వాష్‌బేసిన్‌లోకి పిండేసేది. నీళ్లు వదిలితే తెల్లటి చార తిరుగుతూ రంధ్రంలోకి పోయేది.

ఒకరోజు తలుపు సరిగ్గా పడక, బకెట్టుతో లోపలికి వచ్చిన సుక్కమ్మ అది చూసింది. ఊడ్చి తుడవడానికి ఏజెన్సీ పంపిన ముసలామె. అప్పటిదాకా వనిత ఆమెతో మాట్లాడిందే లేదు. సుక్కమ్మ తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడింది.

“అట్ల మోరీల పొయ్యకు బిడ్డా,” అంది. “నాతోని రా. నా కాడ తాళాలున్నయి.”

అప్పటినుంచి పిల్లల గది వనితదయింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఒకసారి. రాకేష్‌కు తెలియదు. చెడ్డవాడని కాదు. కాని ఆ మాట మగవాడికి ఎలా మొదలుపెట్టి చెప్పాలో వనితకు తెలియలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ నెలలు గడిచిపోయాయి.

ఇవాళ ఆదివారం. ఇళ్లు చూసేందుకు జనం ఎక్కువగా వచ్చే రోజు. సందు దొరికినప్పుడే తినాలని పగటి అన్నం త్వరగా విప్పుకున్నారు. విల్లా వెనక వంటింటి మెట్ల మీద కాస్త నీడ పడుతుంది. సుక్కమ్మ జొన్నరొట్టె తుంచి, దాని మీద ఎల్లిగడ్డ కారం రాసి వనిత డబ్బా మూతలో పెట్టింది.

“ఇది తిను. పాలు పడతయి.”

“రోజురోజుకు తక్కువైతున్నయి అవ్వా. పొద్దున చూసినవ్ గద.”

“ఫికర్ చెయ్యకు. ఫికర్ చేస్తనే ఎండుతయి.”

వనిత రొట్టె నమిలింది. ఇన్ని రోజులుగా ఈమె తన తలుపు దగ్గర కూర్చుంటోంది, ఈమె సంగతి ఒక్కటీ అడగలేదని అప్పుడు తట్టింది.

“నీకెందరు పిల్లలవ్వా?”

“ఉన్నోళ్లు ఇద్దరు,” అంది సుక్కమ్మ.

పార్కు కోసం చదును చేస్తున్న చోటు వైపు గడ్డం ఎత్తి చూపించింది.

“ఆడ బాయి ఉండె. ఇదంత పటేల్‌ది, ఉల్లిగడ్డ చేను. నేను కూలికి వచ్చేదాన్ని. పెద్దపిల్ల పుట్టి నెల తిరగకముందే కలుపుకు వచ్చిన. మా ఆయన కుర్మయ్య కాలిరిగి మంచంల పడె. పిల్లను ఎంట తెస్తనంటే పని ఆగుతదని మేస్త్రి వద్దనె. మా అత్త కాడ ఇడిసి వచ్చేదాన్ని. పగటాల్లకు రొమ్ములు రాళ్లోలె అయ్యేటివి. ఒళ్లు కాలేది. ఆగలేక గట్టు చాటుకు పోయి మట్టిల పిండేదాన్ని. జర సేపటికి చీమలు పట్టేటివి.”

ఆమె గొంతులో దుఃఖం లేదు. ఎప్పుడో కురిసిన వాన సంగతి చెప్పినట్టు చెబుతోంది. డబ్బాలో మిగిలిన రొట్టె ముక్కను తిప్పి తిప్పి చూసుకుంటోంది.

“ఇంటికాడ పిల్ల మేకపాలు కక్కుతుండె. నేను పొద్దుమూకి పొయ్యేవరకు ఏడ్చి ఏడ్చి పండేది. లేపి ఇస్తే నోటికి పట్టకపొయ్యేది. మర్సిపొయింది గద. ఆ వానకాలం దాటలే.”

వనిత చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“పేరేంది అవ్వా?”

“పేరు పెట్టలే ఇంక. పెద్ద పొల్ల అనేటోళ్లం.” సుక్కమ్మ చేతులు దులుపుకుని లేచింది. “తిను తిను. నువ్వైతే సీసలకు పడుతున్నవు. అదే చాలు.”

మధ్యాహ్నం నుంచి కార్లు వరుసగా వస్తూనే ఉన్నాయి. వనిత ఒకరికి నీళ్లు ఇస్తుండగా ఇంకొకరు వచ్చి నిలబడుతున్నారు. రొమ్ములు బరువెక్కి చంకల దాకా లాగుతున్నాయి. లేద్దామనుకునేసరికి రాకేష్ అద్దంలోంచి చెయ్యి ఊపాడు, ఇంకో కుటుంబాన్ని కూర్చోబెట్టమని. అప్పుడే అత్త ఫోను చేసింది.

“వనితా, పొద్దుగాల్ల పాలు ఒడిసినయి. పొల్ల ఒకటే ఏడుపు. డబ్బ పాలు జర్రంత కలపమంటవా?”

“వద్దత్తమ్మా. నేను జల్ది వస్త. చెంచతోని నీళ్లు తాపు అంతవరకు.”

ఫోనులో వెనక హన్విక ఏడుపు వినపడింది. ఆ ఏడుపు చెవిన పడగానే వనిత ఒంటికి తెలిసిపోయింది. సూదులు గుచ్చినట్టయింది, లోపల పెట్టుకున్న గుడ్డ తడిసి, కుర్తా మీద వెచ్చటి మరక పాకింది. టేబుల్ మీది రంగు కాగితాల కట్టను గుండెకు అదుముకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది.

సుక్కమ్మ విల్లా హాలు తుడుస్తోంది. వనిత కట్టను దించగానే కుర్తా మీది రెండు తడి మరకలు చూసింది. తుడుపు కర్రను గోడకు ఆనించి, వనిత వెనకే మెట్లెక్కి తన చోట కూర్చుంది.

వనిత పంపు పట్టుకున్న కాసేపటికే కింద కారు తలుపులు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత హాల్లో రాకేష్ గొంతు.

“పైన కిడ్స్ రూమ్ చూడండి సార్. ఆ ఒక్క రూమ్ చూస్తే మేడం ఇంక వేరే వెంచర్‌కు పోరు.”

చెప్పుల చప్పుడు మెట్లెక్కుతోంది.

“సార్, పైకి రావద్దు,” అంది సుక్కమ్మ.

“ఏమైంది?”

“నేల కడిగిన సార్. జారుతది.”

“మెల్లగ వస్తం తియ్యి. జరుగు.”

“జర ఆగి చూద్దురు సార్. కిందియి చూపెట్టు ముందుగాల.”

ఎవరో పెద్దాయన గొంతు, కొత్త గొంతు, “ఏంటండీ, పైన ఏమన్నా లీకేజీ ఉందా?”

“అట్లాంటిదేం లేద్సార్. సుక్కమ్మా, లే అక్కడికెళ్లి.”

“పానం మంచిగ లేదు సార్. లేస్తలేను.”

గోడకు ఒక అరచెయ్యి గట్టిగా ఆనిన చప్పుడైంది. సుక్కమ్మ మెట్లకు అడ్డంగా చెయ్యి చాపిందని వనితకు అర్థమైంది. పెద్దాయన, “ఇంకోసారి వస్తాం లెండి,” అన్నాడు. దిగే అడుగులు, వెనకే రాకేష్ బతిమాలే మాటలు, కారు తిరిగిన చప్పుడు. మళ్లీ రాకేష్ ఒక్కడే వచ్చాడు. ఈసారి మెట్ల కిందే నిలబడి మాట్లాడాడు.

“ఎందుకట్ల పరువు తీసినవ్? ఏమున్నది ఆ రూమ్‌ల?”

“ఏం లేదు సార్.”

“రోజు పోయి పండుకుంటున్నవా?”

“అవ్ సార్,” అంది సుక్కమ్మ. “జర నడుము వాల్చిన.”

“కొత్త పరుపు మీదనా?”

“అవ్ సార్.”

ఒక్క మాట చాలు. నేనున్న సార్ లోపల, అంటే సరిపోతుంది. ఆ మాట వనిత గొంతు దాకా వచ్చింది. జిప్పు తెరిచి ఉంది. ఒక రొమ్ముకు పంపు ఉంది, రెండోదాని నుంచి పాలు దానంతటదే కారి ఒడిలో పడుతున్నాయి. పొద్దున ఎంత బతిమాలినా రాని పాలు ఇప్పుడు ధారలు ధారలుగా వస్తున్నాయి, సీసా గోడకు తగిలి నురగ కడుతున్నాయి. ఇప్పుడు ఆపితే మళ్లీ చేపుతాయో లేదో. ఇంటి దగ్గర బిడ్డ చెంచాతో నీళ్లు తాగుతోంది. కళ్ల ముందు తన కుర్చీ కనపడింది, అందులో ఇంకెవరో కూర్చున్నట్టు. వనిత నోరు తెరవలేదు. ఆమె చెయ్యి పిడిని నొక్కడమూ మానలేదు.

“తాళాలియ్యి. రేపటిసంది రాకు. ఏజెన్సీకి నేను చెప్త.”

పైనుంచి జారవిడిచిన తాళాల గుత్తి కింద అతని చేతిలో పడిన చప్పుడు.

“మంచిది సార్.”

రాకేష్ వెళ్లిపోయాడు. తలుపు దగ్గరికి ఎవరో వంగినట్టు నీడ పడింది.

“వనితమ్మా, ఆపకు. నిండనియ్యి,” సుక్కమ్మ మెల్లగా అంది. “ఇంక ఎవ్వరు రారు.”

ఆమె మెట్లు దిగుతుంటే మోకాళ్ల నొప్పికి మెట్టుమెట్టుకూ ఆగడం వినపడింది.

సీసా నిండింది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ అంతగా నిండలేదు. వనిత మూత పెట్టి, జిప్పు పైకి లాగి బయటికి వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. సీసాను ఫ్రిజ్జులో పెట్టింది. చున్నీని ముందుకు కప్పుకుని ఆఫీసులోకి నడిచింది. రాకేష్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వాళ్లు లేచేదాకా అద్దం తలుపు బయట నిలబడింది. ఆలస్యమైంది. లోపలికి వెళ్లాక కూర్చోలేదు.

“సార్, ఆ రూమ్‌ల ఉన్నది నేను. ఆమె కాదు.”

రాకేష్ అర్థం కానట్టు చూశాడు.

“పాప చిన్నది సార్. డబ్బ పాలు పడుతలేవు. రోజు ఆడ పాలు తీసుకుంటున్న. గడియ లేదని అవ్వ బయట కూసుంటది. ఆమె ఏనాడు పండుకోలే.”

రాకేష్ ముఖం ఎర్రబడింది. ఫోను తీసి టేబుల్ మీద బోర్లా పెట్టాడు, మళ్లీ తిప్పాడు. అతని భార్యకూ చిన్న పిల్లవాడున్నాడని వనితకు తెలుసు.

“నాకు ముందే చెప్పాలె గద వనితా.”

“తప్పయింది సార్. ఆమెను తియ్యకుండ్రి.”

“ఏజెన్సీకి మెసేజ్ పెట్టిన. వాళ్లు కొత్తామెను పంపుతమన్నరు గూడ.” అతను కిటికీ వైపు చూశాడు. “ఆమెకు చాత కూడ అయితలేదు. నెలనెల అడుగుతనే ఉన్నరు వాళ్లు, మార్చమంటరా అని. నువ్వు రూమ్ వాడుకో, నేనేం అనను. రేపే కార్పెంటర్‌ను పిలిచి గడియ పెట్టిస్త. సరేనా?”

గడియ. ఆ గడియ పడితే తలుపు దగ్గర ఎవరూ కూర్చోవాల్సిన పని ఉండదు.

“ఆమె ఫోన్ నంబర్ ఉన్నదా సార్?”

“ఆమెకు ఫోనెక్కడిది?”

గేటు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది. వాచ్‌మన్ నర్సింహులు కుర్చీలోంచి లేచాడు.

“సుక్కమ్మ అవ్వ పోయిందా అన్నా?”

“గిప్పుడే పాయె మేడం. చిల్కూరు దిక్కు ఆటోల కూసున్నది. వస్త కొడుకా అన్నది, గంతే.”

“ఏ ఊరు ఆమెది?”

అతను తల గోక్కున్నాడు. “ఏమో మేడం. ఆ దిక్కే ఎక్కడనో. మీకు ఎరుక లేదా?”

వనిత దారి వైపు చూసింది. గుడికి పోయి వస్తున్న కార్లు, ఆటోలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. మట్టిలో కలిసిన ఆమె పాల సంగతి తెలుసు, పేరు పెట్టని బిడ్డ సంగతి తెలుసు. ఊరు అడగలేదు.

చేవెళ్ల బస్సుకు వేళవుతోంది. అత్త మళ్లీ ఫోను చేస్తోంది. బయల్దేరిన అత్తమ్మా, పాలున్నయి, అని చెప్పి విల్లాలోకి వెళ్లింది. ఫ్రిజ్జు ప్లగ్గు పెట్టే ఉంది. రెండు సీసాలూ తీసి గుడ్డలో చుట్టి సంచిలో సర్దుకుంది. ప్లగ్గు తను ఎప్పుడూ తీయలేదు. ఒక్క క్షణం వెతికి, పీకింది. ఫ్రిజ్జు ఒకసారి వణికి నిశ్శబ్దమైంది. పంపు కడుక్కోవడానికి ఇవాళ వేడినీళ్లు లేవు, చల్లనీళ్లతోనైనా ఒకసారి తొలుపుదామని వెనక తలుపు తీసింది.

పగలు ఇద్దరూ కూర్చుని తిన్న మెట్ల పక్కన, కుళాయి కింద నేల తడిసి ఉంది. ఎవరో ఇంతకుముందే ఏదో ఉతికారు. గోడకు తగిలించిన మేకుకు పాత నేత చీర వేలాడుతోంది. పనికి వచ్చాక సుక్కమ్మ మార్చుకునే చీర అది. ఉతికి ఉతికి రంగు పోయి, మల్లు గుడ్డలా మెత్తబడింది. సగానికి పైగా చినిగి ఉంది. చింపిన చోట దారాలు వేలాడుతున్నాయి.

మిగతా సగం ప్రహరీ మీద, ఎండ ఇంకా పడుతున్న కాస్త జాగాలో ఉంది. అరచేతి వెడల్పు ముక్కలు, ఒక్కొక్కటి నాలుగు మడతలు, కుర్తా లోపల పెట్టుకోవడానికి సరిపోయేట్టు. వనిత ఒకదాన్ని తాకి చూసింది. ఇంకా ఆరలేదు. గాలికి పోకుండా, ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క చిన్న కంకరరాయి పెట్టి ఉంది.